బిళ్ళలు వెతికిన మనిషి

ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నాను. చేసింది ఆయన భార్య.

"మేడం, మా ఆయన పోయిండు. పొద్దుగాల కూరగాయలు తెచ్చి కుర్చీల కూసున్నడు. గంతే, లేవలే," అంది.

ఎన్ని గంటలకు, ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళారు, డాక్టరు ఏమన్నాడు అని వరసగా అడిగాను. గుండె అని చెప్పారట. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి, ట్రేలో మిగిలిన స్లైడ్లన్నీ చూసి, రిపోర్టులు రాసి సంతకాలు పెట్టాను. ఒక్కదాంట్లోనూ తప్పు దొర్లలేదు. మర్నాడు అన్నీ మళ్ళీ తీసి చూసుకున్నాను కాబట్టి ఆ మాట ధైర్యంగా చెప్పగలను. ఏడుపు రాలేదు. కాప్రాలో మా ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను. టీవీ చూశాను. పడుకోబోయే ముందు మావారితో, "మా ల్యాబ్ అన్న పోయాడు," అన్నాను. "అయ్యో, ఎప్పుడు?" అన్నారాయన. పొద్దున అని చెప్పి దీపం ఆర్పేశాను.

ఆయన సికింద్రాబాదులో నేను పనిచేసే ఆస్పత్రిలో పాథాలజీ ల్యాబ్ అటెండరు. కిందటేడు రిటైరయ్యాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను 'అన్నా' అనేదాన్ని, ఆయన 'మేడం' అనేవాడు. ఇద్దరం ఒకే గదిలో ఇరవై ఏళ్ళ పైన ఉన్నాం. ఆయన ఎక్కడ పుట్టాడో, ఎంత చదివాడో నాకు సరిగ్గా తెలియదు. ఆదివారం చర్చికి వెళతాడని, బన్సీలాల్‌పేట్‌లో ఉంటాడని, టీచరుగా పనిచేసే ఒక కూతురుందని మాత్రం తెలుసు. తెలిసిందంతా ఆయన చేతుల గురించే.

నేను రోగుల్ని చూసే డాక్టర్ని కాను. ఆపరేషన్ థియేటర్లో కోసి తీసినవి డబ్బాల్లో, మూత బకెట్లలో, కుళ్ళకుండా ఆపే ఫార్మలిన్ నీళ్ళలో మునిగి మా దగ్గరికి వస్తాయి. వాటిని కోసి, మైనంలో బిగించి, ఉల్లిపొరకన్నా పలచగా తీసి, రంగులద్ది, గాజు పలకల మీద పెడితే నేను చూస్తాను. నా దగ్గరికి మనుషులు పేర్లుగా, వయసులుగా వస్తారు. ముఖాలు రావు.

చిన్నప్పుడు కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందని పెద్దవాళ్ళు అనేవారు. గొంతు నొప్పి వస్తే దవడ కింద తడిమి చూసేవారు. ఆ బిళ్ళలే. మా పుస్తకాల్లో వాటిని లింఫ్ నోడ్స్ అంటాం. రక్తనాళాల నుంచి ఊరి కండల్లోకి చేరిన నీటిని వెనక్కి తెచ్చే సన్నటి కాలువలు ఒళ్ళంతా ఉంటాయి. ఆ నీరు ఎర్రగా ఉండదు, గంజి మీది తేటలా ఉంటుంది. దాని దారిలో అక్కడక్కడ ఈ బిళ్ళలు. కొట్టుకొచ్చిన క్రిమిని ఆపి, అదెవరో గుర్తుపట్టి, తెల్లకణాలు పోట్లాటకు లేచేది అక్కడే. క్యాన్సర్ కూడా పుట్టిన చోటు విడిచి బయల్దేరితే చాలాసార్లు అదే కాలువ పట్టుకుంటుంది. రొమ్ములో పుట్టింది మొదట చంకలోని బిళ్ళల్లో దిగుతుంది. అందుకని సర్జన్లు రొమ్ముతో పాటు చంకలోని కొవ్వంతా తీసి పంపేవారు. ఇప్పుడు చాలామందికి మొదటి ఒకటి రెండు బిళ్ళలే తీసి చూస్తున్నారు. మా రోజుల్లో చంక మొత్తం వచ్చేది. ఆ కొవ్వులో ఎన్ని బిళ్ళలున్నాయి, వాటిలో ఎన్నింటికి క్యాన్సర్ చేరింది అన్నదాన్ని బట్టి ఆ మనిషికి తర్వాత ఏ వైద్యం, ఎంత వైద్యం అన్నది తేలుతుంది.

ఆ బిళ్ళల్ని కొవ్వులోంచి వెతికి తీయాలి. కొన్ని చింతగింజంత ఉంటాయి, కొన్ని పెసరగింజంత. అన్నీ పసుపు రంగులోనే, కొవ్వు లాగే ఉంటాయి. కంటికి చిక్కవు. వాటిని వెతకడంలో ఆయనంతటివాణ్ణి నేను ఎక్కడా చూడలేదు.

ఎడమ చేతికి ఒక సైజు చిన్న గ్లోవు వేసుకునేవాడు. చర్మానికి అతుక్కుని ఉండాలనేవాడు. కొవ్వును కోత పలక మీద పరిచి, చూపుడు వేలూ మధ్య వేలూ దాని మీద పెట్టి, తల ఎత్తి కిటికీ బయటి నీళ్ళ ట్యాంకు కేసి చూస్తూ వెతికేవాడు. కిందికి చూసేవాడు కాదు. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే కుడి చేతి చిటికెన వేలు లేపేవాడు. ఆగమని అర్థం. చీఫ్ డాక్టరు వచ్చినా ఆ చిటికెన వేలే. దొరికినదాన్ని తడి కాగితం మీద వరసగా పేర్చేవాడు. పని ముగిశాక నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, ఒక్కో వేలూ వాసన చూసుకుని, అప్పుడు టిఫిన్ డబ్బా తెరిచేవాడు.

మేమంతా స్పెసిమెన్ అనేదాన్ని ఆయన ఎన్నడూ ఆ మాటతో పిలవలేదు. ఫారం మీద వయసు చూసేవాడు. అరవై దాటితే 'పెద్దమ్మ', నలభై అయితే 'అక్క', ఇంకా చిన్నదైతే 'బిడ్డ'. "మేడం, ఈ పెద్దమ్మది రేపు చూద్దం, ఫార్మలిన్‌ల ఇంక గట్టిపడాలె," అనేవాడు. "ఈ అక్క చానా పరేషాన్ చేస్తున్నది, అంత కొవ్వే." కొత్తగా చేరిన జూనియర్లు మొదట నవ్వేవారు. నెల తిరిగేసరికి వాళ్ళూ అలాగే అనేవారు.

ఒకసారి క్యాంటీన్లో టీ పోసే ఆమె, ఈ బిళ్ళలు ఏం చేస్తాయని అడిగింది. ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుంది. "మన స్టేషన్ల గేటు కాడ టీసీ ఉంటడు గదా. గట్ల. టికెట్ లేనోణ్ణి పట్టుకొని పక్కకు కూసోబెడతడు. మంచోడే. గని ఒక్కో దొంగ ఎట్లుంటడంటె, టీసీ రూములనే దుకాణం పెడతడు." ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె మెడ కింద రెండు వేళ్ళతో తడిమి, "నీ టీసీలు మంచిగున్నరు పో," అన్నాడు.

అది ఆయనకు అలవాటు. వాచ్‌మన్ పిల్లలు, లిఫ్ట్ దగ్గర కూర్చునే అతను, స్టాఫ్ నర్సులు, ఎవరు ఎదురైనా దవడ కింద, మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి చూసేవాడు. మెత్తగా జారితే, "జలుబు జేసింది, మిరియాల పాలు తాగు," అనేవాడు. గట్టిగా ఒకేచోట అతుక్కుని ఉందనిపిస్తే ఏమీ అనేవాడు కాదు. చెయ్యి పట్టుకుని ఓపీకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి వచ్చేవాడు. అలా కూర్చోబెట్టిన వాళ్ళలో ఇద్దరికి నిజంగానే జబ్బు తేలింది. ఒకరిది టీబీ. ఇంకొకరిది లింఫోమా, బిళ్ళల్లోనే పుట్టే క్యాన్సర్. ఆ రెండో మనిషి మా లిఫ్ట్ అతనే. ఇప్పటికీ లిఫ్ట్ నడుపుతున్నాడు.

నేను ఆయన మీద ఒకసారి కోప్పడ్డాను. అది చెప్పాలి.

నేను సంతకం పెట్టే హోదాకు వచ్చిన కొత్త. ఈస్టర్ వారంలో ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఒక రొమ్ము ఆపరేషన్ బకెట్ వచ్చింది. జూనియర్ డాక్టరు వెతికింది. ఆరు బిళ్ళలు దొరికాయి. ఆరూ శుభ్రంగా ఉన్నాయి. నేను చూసి, సంతకం చేసి పంపేశాను. ఆయన సెలవు నుంచి వచ్చిన మూడో రోజు నా టేబుల్ మీద ఒక స్లైడు పెట్టి నిలబడ్డాడు.

"ఏంటన్నా ఇది?"

"గా అక్కది మేడం. మొన్నటిది."

"ఆ రిపోర్టు వెళ్ళిపోయింది కదా."

"మిగిలింది బకెట్ల ఉన్నది. ఎతికిన. ఇంకో ఐదు దొరికినయ్."

"మిమ్మల్ని ఎవరు వెతకమన్నారు?" అన్నాను. గొంతు పెరిగింది. గదిలో జూనియర్ కూడా ఉంది.

"ఎవలు జెప్పలే మేడం. గంత కొవ్వుకు ఆరేంది అని ఎతికిన. దొరకలేదంటె లేవని గాదు గదా."

నేను ఆ స్లైడు చూశాను. బిళ్ళ అంచు కింద, గుప్పెడు మెతుకులంత క్యాన్సర్ కణాల గుంపు. అనుమానానికి తావు లేదు. సర్జన్‌కు ఫోన్ చేసి, సవరించిన రిపోర్టు పంపాను. ఆ మనిషికి ఇవ్వాల్సిన వైద్యం మారిపోయింది. రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. సిగ్గుపడ్డానని అప్పుడు ఒప్పుకోలేకపోయాను. మూడో రోజు వెళ్ళి, "మీరు వెతికి ఉండకపోతే ఆమె గతి ఏమయ్యేదో," అన్నాను.

ఆయన పలక కడుగుతున్నాడు. "జూనియర్ మేడంను ఏమనకుర్రి," అన్నాడు. "ఆమె కండ్లతోని ఎతికింది. రేపటి సంది నా పక్కన కూసోబెట్టుర్రి."

అప్పటినుంచీ మా దగ్గరికి వచ్చిన ప్రతి జూనియర్ మొదటి నెల ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నీళ్ళ ట్యాంకు కేసి చూస్తూ కొవ్వు తడమడం నేర్చుకున్నారు. వాళ్ళిప్పుడు పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో ఉన్నారు.

రెండో సంగతి ఆరేళ్ళ కిందటిది.

ఒక సాయంత్రం ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మంగళారం లీవ్ గావాలె మేడం. మా ఇంటామెకు ఆపరేషన్," అన్నాడు. దేనికని అడిగితే ఎడమ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. ఆర్నెల్లుగా ఆమె చెప్పలేదట. "ఊరందరి మెడలు వట్టి చూస్త మేడం నేను," అని ఆగాడు. లీవ్ కాగితం మీద సంతకం పెట్టాను.

బుధవారం ఆయన రాడనుకున్నాను. ఎనిమిదింటికల్లా వచ్చాడు. బకెట్ అప్పటికే పలక పక్కన ఉంది. మూత మీద అంటించిన చీటీలో ఆమె పేరు, వయసు యాభై ఒకటి.

"అన్నా, ఇది జూనియర్ చేస్తుంది. మీరు వార్డుకు వెళ్ళండి," అన్నాను.

"వద్దు మేడం."

"ఇలాంటివి సొంతవాళ్ళు చేయకూడదు."

ఆయన గ్లోవు లాగి తొడుక్కుంటున్నాడు. అది చిరిగింది. ఇంకొకటి తీశాడు. దాన్ని తొడుక్కుని, బకెట్ మూత మీద చెయ్యి పెట్టి, తెరవకుండా అలాగే నిలబడ్డాడు. ఆ రోజు పెద్దమ్మ అనీ అనలేదు, అక్క అనీ అనలేదు.

"ఇయ్యాల నాకు దొరకొద్దని ఉన్నది మేడం," అన్నాడు. "మీరు జెర నా పక్కన కూసోర్రి."

జూనియర్ని బయటికి పంపి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

రెండు గంటలు పట్టింది. మామూలుగా ఆయనకు నలభై నిమిషాల పని. నీళ్ళ ట్యాంకు కేసి చూస్తూనే వెతికాడు. ఒక చోట వేళ్ళు ఆగేవి. దాటి ముందుకు వెళ్ళేవి. కాసేపటికి మళ్ళీ అదే చోటికి వచ్చేవి. అప్పుడు నా కేసి చూసేవాడు. నిట్టూర్చి దాన్ని తీసి తడి కాగితం మీద పెట్టేవాడు. పదమూడు ఒక వరసలో పెట్టాడు. నాలుగు విడిగా, కాగితం చివర పెట్టాడు. ఎందుకు విడిగా పెట్టాడో చెప్పలేదు. ఆ నాలుగూ పట్టుకుంటే రాళ్ళలా ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది.

అయిపోయిందనుకున్నాను. ఆయన కొవ్వంతా తిరగేసి మళ్ళీ మొదటినుంచి వెతికాడు. ఇంకేమీ దొరకలేదు.

"పదిహేడు. రాసుకోర్రి మేడం," అన్నాడు. నిమ్మచెక్కతో చేతులు రుద్దుకున్నాడు. ఆ రోజు వేళ్ళు వాసన చూసుకోలేదు. "ఆమెకు ఇడ్లీ తీస్కపోవాలె," అని వెళ్ళిపోయాడు.

ఓదార్పుగా ఒక మాట అనాలని నాకు తట్టలేదు. పదిహేడింటికీ చీటీలు రాశాను. రెండు రోజుల తర్వాత స్లైడ్లు వచ్చాయి. పదమూడు శుభ్రంగా ఉన్నాయి. నాలుగు నిండిపోయి ఉన్నాయి. రిపోర్టు రాసి ఆయన్ని పిలిచి, "నాలుగు, అన్నా," అన్నాను.

"అవును మేడం," అన్నాడు.

ఆమెకు కీమో ఇచ్చారు, రేడియేషన్ ఇచ్చారు. ఆమె బతికింది. తర్వాతి ఐదేళ్ళలో నేను ఎప్పుడైనా, "ఇంట్లో ఎలా ఉన్నారన్నా?" అని అడిగితే, "మంచిగున్నది మేడం," అనేవాడు. నాకు అది చాలేది. నా దృష్టిలో ఆమె కథ ఆ రిపోర్టుతో ముగిసింది. పదిహేడింట నాలుగు. మళ్ళీ బకెట్ రాలేదు కాబట్టి బాగానే ఉన్నట్టు.

ఆయన్ని పూడ్చే రోజు సమాధుల తోటకు వెళ్ళాను. వెనక నిలబడ్డాను. పాటలు పాడారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు. పెట్టెలో ఆయన చేతులకు తెల్ల గుడ్డ తొడుగులు వేసి ఉన్నాయి. అలా వేయడం వాళ్ళ ఆచారమేమో. అవి వదులుగా ఉన్నాయి. నాకు తోచింది అదొక్కటే. గుప్పెడు మన్ను వేసి, ఆటో ఎక్కి, డ్యూటీకి వెళ్ళాను.

పది రోజుల తర్వాత ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. బన్సీలాల్‌పేట్ మెట్లబావి దాటాక ఎడమ సందులో, మేడ మీద రెండు గదులు. కూతురు బడికి వెళ్ళిపోయింది. ఆమె ఒక్కతే ఉంది. నేను ఆమెను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"కూసోర్రి మేడం. చాయ్ పెడత," అని లోపలికి వెళ్ళింది. గిన్నె దించడం, కప్పులో పోయడం, అన్నీ కుడి చేత్తోనే. ఎడమ చేతిని కొంగు కింద పెట్టుకుంది. కప్పు నాకు అందించేటప్పుడు కొంగు జారింది. ఆ చెయ్యి కుడి చేతికి రెండింతలుంది. మణికట్టు కనిపించడం లేదు. వేళ్ళు ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి ఇది?"

"ఆపరేషన్ అయిన ఏడాదికే షురూ అయింది. గని గింత లేకుండె. ఆయన రోజు పొద్దుగాల కట్టు కట్టెటోడు. పది రోజులాయె, కట్టేటోళ్ళు లేరు."

చంకలో బిళ్ళలన్నీ తీసేస్తే చేతిలోంచి నీరు పోయే దారి ఉండదు. కొందరికి అలా నిలిచిపోయి చెయ్యి ఉబ్బుతుంది. ఇది నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న విషయం. ఆ చేతిని చూసింది మాత్రం అప్పుడే. ఎన్ని వందల చంకలు నా పలక మీదికి వచ్చాయో. వాటి వెనక ఇలాంటి చేతులు ఎన్ని ఉన్నాయో ఒక్కరోజూ తలచుకోలేదు.

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఫిజియోథెరపీ గదిలో మధ్యాహ్నం భోజనం వేళ నిలబడి ఆయన ఈ పని నేర్చుకున్నాడట. ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే చెయ్యి నిమిరి, కట్టు కట్టి, అప్పుడు బయల్దేరేవాడట. ఆ ఏళ్ళలో కొన్నిసార్లు ఆయన పది నిమిషాలు ఆలస్యంగా రావడం, నేను గడియారం కేసి చూడటం గుర్తొచ్చింది.

"ఓసారి చేప ముల్లు గుచ్చుకున్నది మేడం, ఈ చేతికే. పొద్దుమీకేసరికి చెయ్యంత ఎర్రగై జొరమొచ్చింది. నాలుగు రోజులు ఆస్పత్రిల ఉన్న. ఈ చేతికి టీసీలు లేరే, ఎవడొచ్చినా సీదా లోపటికి వస్తడు అని తిట్టిండు. గప్పటి సంది చేపలు ఆయననే కడిగెటోడు. మటన్ సుత ఆయననే. కొవ్వులకెంచి గడ్డలు ఏరి పక్కకు పెట్టెటోడు. డ్యూటీ ఇంటికి తేవద్దయ్యా అంటుంటి."

నవ్వింది. నేనూ నవ్వబోయాను. ముఖం కదిలిందో లేదో తెలియదు.

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. "ఆ బుధవారం ఇడ్లీ తెచ్చినప్పుడు మీకేమైనా చెప్పారా?"

"నేనే అడిగిన. ఎన్ని దొరికినయ్ అంటె పదిహేడు అన్నడు. ఎన్ని ఖరాబున్నయ్ అంటె, అది మేడం చెప్తది, నాకేం తెలుసు అన్నడు. చట్నీ గిన్నె దిక్కు చూసుకుంట అన్నడు. నాకు తెలిసిపోయింది."

"మీ అమ్మాయి కట్టదా?"

"దానికి తెల్వదు. దాని ముందల జాకెట్ ఇప్పలేదు నేను, ఇన్నొద్దులు. ఆయనకే తెలుసు." కొంగు సర్దుకుని, "మీరు డాక్టర్ గదా," అంది.

అవును అన్నాను. బతికున్న మనిషికి కట్టు కట్టి ఎన్నేళ్ళయిందో చెప్పలేదు.

ఆమె బీరువాలోంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో ఉతికి, చుట్టలు చుట్టిన పట్టీలు, ఒక దూది పొర, అతికించే టేపు. ఆమె చెబుతుంటే నేను చేశాను. ముందు చెయ్యి ముట్టుకోవద్దంది. మొదట మెడ పక్కన, తర్వాత కుడి చంకలో నిమిరి, మంచిగున్న వైపు దారి తెరవాలట. "నీళ్ళకు తొవ్వ చూపియ్యాలె అనెటోడు. ఒత్తకుర్రి మేడం. తోలు మీద పోవాలె, గంతే." నేను ఒత్తుతున్నానని నాకు తెలియలేదు. ఆమె నా చేతి మీద తన చెయ్యి వేసి ఎంత తేలికగానో చూపించింది. ఆయన ఇరవై ఏళ్ళు కొవ్వును లోతుగా తడుముతుంటే చూశాను. ఇంత తేలికగా కూడా ఆయనకు వచ్చన్నమాట.

తర్వాత కట్టు. వేళ్ళ దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా. మొదటిసారి మోచేయి దగ్గర ముడత పడింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాను. రెండోసారి నిలిచింది. మోచేయి దాటి పై చేతి లోపలి వైపుకు వచ్చాను. అక్కడ చర్మం సాగి మెరుస్తోంది. వేలు తగిలితే గుంట పడుతోంది.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"ఆడ నాకు తెల్వదు మేడం. ఆపరేషన్ నాటి సంది ఆడ స్పర్శ లేదు. మీరు పట్టుకున్నది సుత చూస్తున్న కాబట్టి తెలుస్తున్నది." ఆ చేతిని వేరెవరిదో అన్నట్టు చూసింది. "ఆయనకు ఎరికే. అయినా రోజు అడిగెటోడు. నొప్పయితుందా అని."

"మీరేమనేవారు?"

"లేదు అనేదాన్ని. ఒక్కో రోజు జెర ఉన్నది అని అబద్ధం జెప్పేదాన్ని. ఆ రోజు మస్తు సంబురపడెటోడు. నరం లేస్తున్నది, చూస్తుండు, వస్తది అనుకుంట డ్యూటీకి పోయెటోడు. మీకు తెలుస్తుండెనా మేడం? ఆ రోజుల్ల హుషారుగ ఉంటుండెనా?"

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. నేను ఆ ఐదేళ్ళ పొద్దుటిపూటలన్నీ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. తలుపు తోసుకుని వచ్చే ఆయన ముఖం ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఉండేవారు," అన్నాను.

ఆమె తల ఊపింది. నేను టేపు అతికించి, వేళ్ళు కదిలించమన్నాను. కదిలించింది. ఆయన ఎన్ని గంటలకు కట్టేవాడని అడిగాను. ఆరింటికట. అమ్మాయి నేర్చుకునేదాకా ఆరింటికి వస్తానని చెప్పి, మెట్లు దిగాను.